స్ప్లెండర్ ముందు చక్రం: పుల్లల రిమ్ము తీసి అల్లాయ్ వేస్తే

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి సుఖం. స్ప్లెండర్ ప్లస్‌కి ముందు పుల్లల చక్రం తీసి అల్లాయ్ (పోతపోసిన లోహపు చక్రం) వేయాలంటే బజారులో మూడు దారులున్నాయి. ఒకటి, కంపెనీ కొత్త చక్రం. రెండు, విడిభాగాల బజారులో దొరికే వాడిన కంపెనీ చక్రం. మూడు, ‘ఏ బండికైనా పట్టిస్తాం’ అని అమ్మే ఫ్యాన్సీ చక్రం. మొదటిది కళ్ళు మూసుకుని కొనొచ్చు. రెండోది కళ్ళు పెద్దవి చేసుకుని కొనాలి. మూడోది ఊరికే ఇచ్చినా వద్దు.

ఎందుకో తెలియాలంటే రిమ్ము సంగతి కాసేపు పక్కన పెట్టి, మధ్యలో ఉండే హబ్బు సంగతి చూడాలి. మ్యాగ్ వీలు (అల్లాయ్‌కే ఇంకో పేరు) కొనడానికి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది రంగు చూస్తారు, కమ్మీలు ఐదా ఆరా అని లెక్కపెడతారు. బేరింగులు, బ్రేకు డ్రమ్ము, స్పీడు మీటరు గేరుకి పట్టు, ఇవన్నీ ఉండేది మాత్రం ఆ నడిమి ముద్దలోనే. అది కలిస్తే మార్పిడి గంట పని. కలవకపోతే లేత్ షాపు చుట్టూ తిరగడమే.

స్ప్లెండర్‌లో ఈ పని తేలిక కావడానికి కారణం ఉంది. ఈ బండిని కంపెనీయే పుల్లలతోనూ అమ్మింది, అల్లాయ్‌తోనూ అమ్మింది. రెండింటికీ 18 అంగుళాల చక్రమే, 130 మి.మీ. డ్రమ్మే. అందుకే సరైన చక్రం దొరికితే ఫోర్కుని ముట్టుకోనక్కర్లేదు, ఇరుసు మార్చనక్కర్లేదు, వాషరు కూడా అదనంగా వేయనక్కర్లేదు. దుకాణంలో ‘దీనికి చిన్న బుష్ కొట్టిస్తే సరిపోతుంది’ అన్న మాట వినపడిందంటే ఆ చక్రం మీ బండిది కాదు. అక్కడినుంచి లేచి రావడమే మంచిది.

అల్లాయ్ అయినంత మాత్రాన ట్యూబ్‌లెస్ కాదు

చాలామంది ఈ మార్పిడికి దిగేది పంక్చర్ల బాధతోనే. తుమ్మముల్లు దిగితే ట్యూబు టైరు నిమిషంలో చదునైపోతుంది. ట్యూబ్‌లెస్ అయితే ముల్లు లోపలే ఉండి గాలి మెల్లగా దిగుతుంది, ఇంటిదాకా వచ్చేయొచ్చు. ఆశ సబబే. కాకపోతే పోతపోసిన చక్రమన్నాక ట్యూబ్ అక్కర్లేదనుకోవడం పొరపాటు. మన దేశంలో మామూలు బళ్ళకి తొలినాళ్ళలో వచ్చిన అల్లాయ్‌లలో చాలావాటికి లోపల ట్యూబే ఉండేది.

తేడా రిమ్ము లోపలి అంచులో ఉంటుంది. ట్యూబ్‌లెస్ రిమ్ములో టైరు అంచు కూర్చునే చోటుకి లోపలివైపున చిన్న గట్టు నడుస్తుంది. గాలి తగ్గినా టైరు అంచు రిమ్ము నడిమి పల్లంలోకి జారిపోకుండా ఆపేది ఆ గట్టే. వేలితో తడిమితే తెలిసిపోతుంది. రిమ్ము మీద పోతలో వచ్చిన అక్షరాలు కూడా చూడండి. కొలత పక్కన ‘ఎంటీ’ అని ఉంటే ట్యూబ్‌లెస్‌కి తగిన ఆకారం, ‘డబ్ల్యూఎం’ అని ఉంటే ట్యూబు రిమ్ము. గట్టు లేని రిమ్ముకి ట్యూబ్‌లెస్ టైరు వేసి గాలి నిలిచిందని సంబరపడితే, ఏదో ఒక గుంతలో టైరు అంచు ఒక్కసారిగా జారి గాలంతా పోతుంది. ముందు చక్రంలో అలా జరిగితే హ్యాండిల్ చేతిలో నిలవదు.

టైరు కొలత 80/100-18. పాత బళ్ళలో 2.75-18 ఉంటుంది. 80/100-18కి 1.60 లేదా 1.85 అంగుళాల వెడల్పు రిమ్ము సరిపోతుంది. పాత ట్యూబు టైరునే కొత్త రిమ్ముకి ఎక్కించి ట్యూబ్ తీసేద్దామనుకోకండి. టైరు పక్కన ట్యూబ్‌లెస్ అని అచ్చు ఉండాలి. ట్యూబు టైరు లోపలి పొర గాలిని పట్టి ఉంచేలా చేసింది కాదు.

గాలి పిన్ను రంధ్రం కొలత కూడా అడగాలి. సుమారు 11.3 మి.మీ. ఉంటే స్కూటర్లకి వాడే రబ్బరు వాల్వు లాగి కూర్చోబెట్టొచ్చు. 8.3 మి.మీ. ఉంటే నట్టుతో బిగించే ఇత్తడి వాల్వు కావాలి. ఇది తెలియక చిన్న రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేసేవాళ్ళున్నారు. ఆ అంచు గరుకుగా మిగిలి రబ్బరుని కోస్తుంది.

పెట్టెలో వచ్చేది, రానిది

కంపెనీ కొత్త చక్రం కొన్నప్పుడు బేరింగులు, మధ్య కాలరు (రెండు బేరింగుల నడుమ ఉండే గొట్టం), సీలు అందులోనే ఉన్నాయా లేదా అని కౌంటర్ దగ్గరే చూసుకోండి. చాలాసార్లు ఒట్టి పోత మాత్రమే వస్తుంది. అప్పుడు అదనంగా కొనాల్సినవి రెండు బేరింగులు, మధ్య కాలరు, ఒక డస్ట్ సీలు, ఒక జత బ్రేకు షూలు, వాల్వు, టైరు. చక్రం ధర ఒక్కటే చూసి బయల్దేరినవాళ్ళకి ఇక్కడే జేబు చిరుగుతుంది.

బేరింగు నంబరు పాతదాని పక్కన చెక్కి ఉంటుంది. దాన్నే అడగండి. 6301 అంటే లోపలి వ్యాసం 12, బయటి వ్యాసం 37, మందం 12 మి.మీ. అదే 6202 అయితే 15, 35, 11. చూపుకి రెండూ ఒకటే, కూర్చోవడంలో కాదు. రెండువైపులా రబ్బరు మూత ఉన్న రకం తీసుకుంటే వానాకాలం నీళ్ళలో కొంత కాలం ఎక్కువ మన్నుతుంది.

బ్రేకు షూల దగ్గర పొదుపు చేయకండి. పాత షూలు పాత డ్రమ్ము అరుగుదలకి తగ్గట్టు అరిగి ఉంటాయి. పాత డ్రమ్ము లోపలి వ్యాసం 130 నుంచి 130.6కి పెరిగిందనుకుందాం. ఆ వంపుకి అరిగిన షూని కొత్త 130 డ్రమ్ములో పెడితే కొసలు మాత్రమే తగులుతాయి, నడుమ తగలదు. లివరు స్పాంజిలా మెత్తగా దిగుతుంది, బండి ఆగదు. ‘అల్లాయ్ వేశాక బ్రేకు పోయింది’ అని వినపడే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. కొత్త షూలు వేసినా మొదటి 100, 150 కిలోమీటర్లు నెమ్మదిగా నొక్కుతూ నడపాలి. డ్రమ్ము లోపల తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. బ్రేక్ క్లీనరుతో తుడిచి, గరుకు కాగితంతో ఒక్కసారి రుద్ది అప్పుడు బిగించాలి.

విప్పడం, బిగించడం

మెయిన్ స్టాండు వేసి, ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం నేలకి తగలకుండా లేపాలి. పాత బళ్ళలో బ్రేకు తీగ ఒక్కటే. 2019 నుంచి వచ్చిన ఐబీఎస్ (వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా పట్టే ఏర్పాటు) బళ్ళలో వెనక పెడల్ నుంచి ముందు డ్రమ్ముకి ఇంకో తీగ వస్తుంది, రెండూ వదులు చేయాలి. తీగ నట్టు ఎన్ని చుట్లు తిప్పారో లెక్క రాసుకుంటే తర్వాత సమయం కలిసొస్తుంది. మీటరు తీగ స్క్రూ తీసి, తీగను బయటికి లాగి, కొసకి మట్టి అంటకుండా గుడ్డ చుట్టాలి. ఆపైన ఇరుసు నట్టు. ఇరుసు లాగేటప్పుడు పక్క కాలరు (చక్రం బయట ఇరుసు మీద ఉండే చిన్న గొట్టం) ఏ వైపు, ఏ మొహంతో ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ చిన్న ముక్క తిరగబడితే సీలు నాలుగు రోజుల్లో తెగుతుంది.

ప్యానెల్ ప్లేటు (బ్రేకు షూలు బిగించి ఉండే డ్రమ్ము మూత) పాతదే కొత్త చక్రంలోకి వెళుతుంది. షూల దుమ్ముని గాలి గొట్టంతో ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడవండి. ఐబీఎస్ ఉన్న బండి ప్యానెల్, లేని బండి ప్యానెల్ ఒకటి కాదు. అల్లాయ్‌తో పాటు పాత ప్యానెల్ కూడా జతగా ఇస్తామంటే మురిసిపోకండి. మీ బండిలో ఉన్నదే వాడండి.

బేరింగులు ఎక్కించే పద్ధతిలో ఒక చిన్న మెలిక ఉంది. ముందు ఒకవైపు బేరింగుని హబ్బు అడుగు తగిలేదాకా దించాలి. తర్వాత మధ్య కాలరు వేయాలి. రెండో బేరింగుని కాలరుకి తగిలేదాకా మాత్రమే దించాలి, అంతకు మించి కాదు. కాలరు మరిచిపోయినా, పాత బండిదేదో పొట్టి కాలరు వేసినా, ఇరుసు బిగించేకొద్దీ రెండు బేరింగుల లోపలి వలయాలు ఒకదానివైపు ఒకటి నొక్కుకుంటాయి. చక్రం బరువుగా తిరుగుతుంది, నెల తిరిగేసరికి ‘గుర్ర్’మని శబ్దం మొదలవుతుంది. కొట్టేటప్పుడు దెబ్బ బయటి వలయం మీదే పడాలి. పాత బేరింగునే అడ్డుపెట్టి కొడితే సులువు. లోపలి వలయం మీద సుత్తి పడిందంటే ఆ బేరింగు కొత్తదైనా పాతదే. హబ్బుని వేడినీళ్ళ గుడ్డతో కాసేపు చుట్టి ఉంచితే బేరింగు ఇంకా నునుపుగా దిగుతుంది.

టైరు ఎక్కించే పని యంత్రం ఉన్న చోటే చేయించండి. ఇనుప కమ్మీలు పెట్టి ఎత్తితే అల్లాయ్ అంచు గీసుకుపోతుంది. ఆ గీత మీదుగానే తర్వాత గాలి దిగుతుంది. టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకి ఉండాలి, పసుపు చుక్క ఉంటే వాల్వు దగ్గరికి రావాలి. సబ్బునీళ్ళు రాసి గాలి కొడితే రెండువైపులా ‘టప్’మని అంచులు కూర్చుంటాయి. 40 పీఎస్ఐ దాకా కొట్టినా కూర్చోకపోతే ఇంకా కొట్టకండి. గాలి దించి, మళ్ళీ సబ్బు రాసి మొదలుపెట్టండి. చివరికి బండి మీద స్టిక్కరులో ఉన్న అంకెకి గాలి దించాలి.

ఇప్పుడు అసలు చోటు. చక్రాన్ని ఫోర్కు మధ్యకి ఎత్తేటప్పుడు రెండు పట్లు ఒకేసారి కుదరాలి. మొదటిది మీటరు గేరు. ప్యానెల్‌లోని గేరు చెవులు హబ్బులోని గాడుల్లో కూర్చోవాలి. కూర్చోకుండా ఇరుసు బిగిస్తే చెవులు నలిగిపోతాయి, మీటరు ముల్లు సున్నా దగ్గరే పడుకుంటుంది. ఇది డబ్బు నష్టం, అంతే. రెండోది ప్రాణాలకి సంబంధించింది. ప్యానెల్ ప్లేటు మీద ఒక గాడి ఉంటుంది, ఫోర్కు కాలు లోపలివైపు ఒక పన్ను ఉంటుంది. పన్ను గాడిలోకి దిగాలి. బ్రేకు నొక్కినప్పుడు ప్యానెల్ చక్రంతో పాటు తిరగకుండా పట్టి ఆపేది ఆ ఒక్క పన్నే. అది తప్పితే తొలి గట్టి బ్రేకుకే ప్యానెల్ గిర్రున తిరిగి, తీగని చుట్టేసుకుని, ముందు చక్రం బిగుసుకుపోతుంది. ఇరుసు దూర్చాక నట్టు బిగించకముందే ప్యానెల్‌ని చేత్తో పట్టి ముందుకీ వెనక్కీ తిప్పి చూడండి. కదలకూడదు. వేలు పెట్టి పన్ను గాడిలో ఉందని తడిమి చూడండి. మెకానిక్ బిగించినా సరే, మీ వేలితో మీరే చూడండి.

నట్టు బిగించేటప్పుడు బ్రేకు లివరు ఎవరైనా గట్టిగా పట్టి ఉంచితే షూలు డ్రమ్ము మధ్యకి సర్దుకుంటాయి. బిగింపు సర్వీసు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు బలానికే) ఉండాలి. పానాకి పైపు తొడిగి ఊగకూడదు. లాక్ నట్టు చేత్తోనే తిరిగిపోతుంటే దాని పని అయిపోయినట్టే, కొత్తది వేయండి. లివరు కొస దగ్గర 10 నుంచి 20 మి.మీ. ఆట (బ్రేకు పట్టకముందు లివరు ఖాళీగా కదిలే దూరం) వచ్చేలా తీగ సరిచేయాలి. ఐబీఎస్ ఉంటే ముందు లివరు ఆట సరిచేశాకే పెడల్ తీగ సంగతి.

ఆఖరున చక్రాన్ని గాల్లో తిప్పాలి. ఫోర్కు కాలికి ఒక చీపురుపుల్లని కట్టి దాని కొస రిమ్ము అంచుకి దగ్గరగా పెట్టండి. పక్కకి గానీ పైకి గానీ 2 మి.మీ. దాటి ఊగితే ఆ చక్రం తిరిగి దుకాణానికే. కొత్త పోత చక్రం మిల్లీమీటరులోపే ఉండాలి. పుల్లల చక్రమైతే నిపుల్స్ (పుల్లల కొసన ఉండే చిన్న నట్లు) తిప్పి బెండు తీయొచ్చు. అల్లాయ్‌కి ఆ వీలు లేదు, వచ్చిందే వచ్చింది.

ఫ్యాన్సీ చక్రాల సంగతి

వీటిలో ఎక్కువ 17 అంగుళాలవి. లెక్క వేసి చూద్దాం. 80/100-18 టైరు మొత్తం ఎత్తు 617 మి.మీ. 90/90-17 అయితే 594. అంటే బండి ముందుభాగం దాదాపు 12 మి.మీ. కిందికి దిగుతుంది, ఫోర్కు నిటారవుతుంది, హ్యాండిల్ చురుకై వేగంలో నిలకడ తగ్గుతుంది. గేరుతో నడిచే మీటరు చక్రం చుట్లనే లెక్కపెడుతుంది కాబట్టి నాలుగు శాతం ఎక్కువ చూపిస్తుంది. ముల్లు 60 దగ్గర ఉంటే అసలు వేగం 58 కూడా ఉండదు. మైలేజీ పెరిగిందని మురిసిపోయేవాళ్ళకి ఆ కిలోమీటర్లు కూడా దొంగ లెక్కే.

కొన్నింటికి డిస్క్ హబ్బు ఉంటుంది. డ్రమ్ము ఫోర్కుకి కాలిపర్ (డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) బిగించే చెవులుండవు. సూపర్ స్ప్లెండర్ లాంటి బళ్ళలో వచ్చే 240 మి.మీ. డిస్క్ కావాలంటే ఫోర్కు కింది కాళ్ళు, మాస్టర్ సిలిండరు, గొట్టం, లివరు అన్నీ మారాలి. ఆ ఖర్చుకి డిస్క్ ఉన్న సెకండ్ హ్యాండ్ బండే చూసుకోవచ్చు.

అల్లాయ్ వేస్తే చక్రం తేలిక అవుతుందని చెప్పే మాట కూడా తూకం మీద నిలవదు. ఈ తరగతి బళ్ళలో పోత చక్రం పుల్లల చక్రం కన్నా తేలికగా ఉండాలని ఏమీ లేదు, చాలాసార్లు బరువే. నమ్మకం లేకపోతే కిరాణా కొట్టు కాటా మీద రెండూ పెట్టి చూడండి. రిమ్ము మీద ఐఎస్ఐ గుర్తు, కొలత, తయారీ తేదీ లేని చక్రాన్ని ఎంత మెరిసినా చేతిలోకి తీసుకోకండి.

చట్టం సంగతి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. అదే మోడల్‌కి కంపెనీ అమ్మిన చక్రం, అదే టైరు కొలత అయితే వాదించడానికి ఆధారం ఉంటుంది. వెడల్పు టైరు, వేరే బ్రేకు అయితే బీమా క్లెయిము దగ్గర ప్రశ్న రావొచ్చు.

వాడిన చక్రం కొనేవాళ్ళకి

హైదరాబాద్ పుత్లీబౌలిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో వాడిన కంపెనీ అల్లాయ్‌ల కోసం వెతికేవాళ్ళు ఎక్కువ. మంచివీ ఉంటాయి. మొదట అనుమానించాల్సింది కొత్త రంగుని. పాత చక్రం మీద తళతళలాడే దట్టమైన రంగు ఉందంటే కింద ఏదో దాగి ఉండొచ్చు. కమ్మీ రిమ్ముతో కలిసే మూల, హబ్బుతో కలిసే మూల, ఈ రెండు చోట్లే పగుళ్ళు మొదలవుతాయి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో ఆ మూల తుడిచి, పొడిగా ఆరనిచ్చి, సుద్దపొడి రాయండి. పగులు ఉంటే అందులో దాక్కున్న కిరోసిన్ ఊరి తెల్ల సుద్ద మీద సన్నటి నల్ల గీతలా బయటపడుతుంది. ఇంకా గట్టిగా చూడాలంటే వెల్డింగ్ సామాన్ల కొట్లో ఎర్ర రంగు, తెల్ల డెవలపర్ స్ప్రేలు దొరుకుతాయి.

అంచు కొంచెం నొక్కుకుని ఉంటే వేడిచేసి ప్రెస్‌లో సరిచేసేవాళ్ళున్నారు. అంచు వరకు, అదీ తక్కువ లోతుకి, ఒప్పుకోవచ్చు. కమ్మీకి వెల్డింగ్ చేసిన చక్రాన్ని మాత్రం తుక్కు కిందే లెక్కేయాలి. ఆ వేడికి పోత చుట్టుపక్కల బలం పోతుంది, ఎంత పోయిందో పైకి కనపడదు. డ్రమ్ము లోపల వేలు తిప్పితే అంచున మెట్టు తగులుతుందా చూడండి. లోపలి వ్యాసం వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి 131 మి.మీ. హద్దుకి దగ్గరైతే ధర ఎంతైనా వద్దు. ఆ ఇనప డ్రమ్ము పోతలోనే కలిసి ఉంటుంది, విడిగా మార్చేది కాదు.

పౌడర్ కోటింగ్ చేయించాలనుకుంటే బేరింగులు, సీలు తీసి ఇవ్వండి. ఆ ఓవెన్ 180, 200 డిగ్రీలదాకా పోతుంది. గ్రీజు కారిపోతుంది, రబ్బరు మాడిపోతుంది.

ఎవరికి అక్కర్లేదు

రోజూ పాల క్యాన్లు, దాణా బస్తాలు వేసుకుని కంకర దారుల్లో తిరిగే బండికి పుల్లల చక్రమే మేలు. గుంతలో పడితే రిమ్ము వంగుతుంది, ఊళ్ళోనే ఎవరో ఒకరు పుల్లలు బిగించి బెండు తీస్తారు. పుల్ల విరిగితే ఒక పుల్ల ఖర్చు. అల్లాయ్ అదే గుంతలో పడితే అంచు నొక్కుకుని గాలి దిగుతుంది, ఇంకా గట్టి దెబ్బయితే పగులుతుంది. అంచు నొక్కుకుని దారిలో ఆగిపోతే తాత్కాలికంగా ట్యూబ్ వేసి ఇంటికి చేరొచ్చు, అందుకే బండితో పాటు ఒక 18 అంగుళాల ట్యూబ్ ఉంచుకోవడం తెలివైన పని.

కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో మాత్రం లెక్క మారుతుంది. అక్కడ క్రోమ్ రిమ్ము నిపుల్ రంధ్రాల దగ్గర లోపలినుంచి తుప్పు పడుతుంది. నిపుల్స్ బిగుసుకుపోయి, బెండు తీయబోతే పుల్ల మెలితిరిగి తెగుతుంది. అలాంటి రిమ్ముకి మళ్ళీ రిమ్ము, 36 పుల్లలు, అల్లిక కూలి పెట్టే బదులు కంపెనీ అల్లాయ్ వేసుకోవడమే సబబు.

మార్చాక 500 కిలోమీటర్లకి ఒకసారి ఇరుసు నట్టు, బ్రేకు ఆట మళ్ళీ చూడండి. కొత్త షూలు కుదురుకునేసరికి లివరు ఆట పెరుగుతుంది, అది మామూలే. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ‘టక్’మని తగిలితే మాత్రం మామూలు కాదు, బేరింగు సరిగా కూర్చోలేదు. పాత పుల్లల చక్రాన్ని తుక్కుకి వేయకండి. టైరుతో సహా అటక మీద పెట్టండి. అల్లాయ్ రిపేరుకి వెళ్ళిన రోజు బండి ఆగకుండా నడిచేది దాని మీదే.